బాతుల వేటకి వెళ్లే ముందు: లైఫ్ జాకెట్ ఎక్కడుంది?

మొన్న శనివారం లేక్ టెక్సోమాలో మా వాళ్లు ముగ్గురు నీళ్లలో పడ్డారు. పద్నాలుగు అడుగుల జాన్ బోటు (అడుగు బల్లపరుపుగా ఉండే చిన్న పడవ), తెల్లవారుజాము ఐదు గంటలు, ఉత్తరపు గాలి. డికాయ్‌ల (బాతుల్ని రప్పించే బొమ్మ బాతులు) సంచి జారిపోతోందని ఒకతను పక్కకి వంగాడు. అతన్ని పట్టుకుందామని ఇంకొకతను అదే పక్కకి లేచాడు. అంతే, బోటు బోర్లా పడింది. వాళ్ల అదృష్టం, అక్కడ నీళ్లు ఛాతీ లోతే. నడిచి ఒడ్డుకొచ్చారు. ట్రక్కు దగ్గరికొచ్చాక ఒకతనికి వేళ్లు కొంకర్లు పోయి కీ మీద బటన్ నొక్కడం కుదర్లేదు. పళ్లతో కొరికి నొక్కాడట.

లైఫ్ జాకెట్లంటారా, మూడూ బోటులోనే ఉన్నాయి. డికాయ్‌ల సంచి కింద. ఒకదానికి ప్రైస్ ట్యాగ్ కూడా తీయలేదు.

క్రిస్మస్ సెలవులకి డాలస్ చుట్టుపక్కల మన వాళ్లు చాలామంది మొదటిసారి బాతుల వేటకి వెళ్తున్నారు. ఏ కాల్ (బాతు కూత కూసే ఈల) ఎలా ఊదాలి, డికాయ్‌లు ఎలా పరవాలి అన్నది నేర్పడానికి బోలెడు వీడియోలున్నాయి. తొమ్మిదేళ్లుగా వెళ్తున్నవాణ్ణి, నేను చెప్పేది వేరే. ఈ వేటలో ప్రాణం మీదికి తెచ్చేది తుపాకీ ఒక్కటే అనుకోకండి. నీళ్లకి భయపడండి. లైఫ్ జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

టెక్సస్ చట్టం ప్రకారం చిన్న బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లకి మాత్రం మనిషికొకటి చొప్పున బోటులో ఉంటే చాలు. ఆ 'ఉంటే చాలు' దగ్గరే కొంప మునుగుతోంది. పడ్డాక తొడుక్కోవచ్చులే అనుకునేవాళ్లు ఒక్కసారి అపార్ట్‌మెంట్ పూల్‌లో చేసి చూడండి. మందపాటి కోటు వేసుకుని, కాళ్లు నేలకి ఆనకుండా, జాకెట్ తొడుక్కుని బకిల్స్ పెట్టుకోండి. నేను చేశాను. ఎండాకాలం, పట్టపగలు, నవ్వుకుంటూ చేస్తేనే రెండు నిమిషాల పైన పట్టింది.

"మాది కాలవ గట్టు ఊరన్నా, నాకు ఈత రాకపోవడమేంటి" అంటారు. వచ్చు, కాదనను. నేనూ కాలవలోనే నేర్చుకున్నాను. కానీ మనం ఈదిన నీళ్లు వేరు, డిసెంబర్‌లో ఇక్కడి చెరువు నీళ్లు వేరు. చన్నీళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పే లెక్క 1-10-1. మొదటి ఒక్క నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే పీలుస్తాం. తర్వాత ఓ పది నిమిషాలు చేతులు, కాళ్లు పనిచేస్తాయి. చలికి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే చలి చంపేలోపే మునిగిపోతాం. మొదటి నిమిషం తల పైన ఉంచేది ఒంటి మీదున్న జాకెట్టే.

పొద్దున్న వెచ్చగా ఉందని మోసపోకండి. 1940 నవంబర్ 11న మిన్నెసోటాలో అలాగే వెచ్చగా ఉందని పల్చటి బట్టలతో బాతుల వేటకి వెళ్లినవాళ్ల మీద మంచు తుపాను విరుచుకుపడింది. మిసిసిపీ నది లంకల్లో చిక్కుకుని ఎందరో అక్కడే గడ్డకట్టి పోయారు. మనకి ఫోన్‌లో గంట గంటకీ గాలి వేగం కనిపిస్తుంది. చూసేది మాత్రం బాతుల కోసం, బోటు కోసం కాదు.

ఇక వేడర్స్ సంగతి, అంటే నీళ్లలో నడవడానికి ఛాతీ దాకా తొడుక్కునే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. వాటిలో నీళ్లు నిండితే రాయిలా లాగేస్తాయని అందరూ అనేదే. కానీ నీళ్లలో ఉన్నంతసేపు లోపలి నీళ్ల బరువు మనల్ని కిందికి లాగదు. ఈదడం, పైకెక్కడం మాత్రం నరకమే. అందుకే నడుముకి బెల్టు బిగించండి, నీళ్లు తొందరగా జొరబడవు. పడితే వేడర్స్ విప్పే ప్రయత్నం చేయకండి. మోకాళ్లు పైకి లాక్కుని వెల్లకిలా తేలండి, బోటు పట్టుకోండి, వీలైతే దాని మీదికి ఎక్కండి. ఒడ్డు దగ్గరగానే కనిపిస్తుంది, అయినా ఈదకండి.

ఇక బోటు. లోపల చిన్న ప్లేట్ ఉంటుంది, ఎంత మంది, ఎన్ని పౌండ్లు అని. మనుషుల్ని లెక్కపెడతారు కానీ డికాయ్‌లు, షెల్స్ (తూటాలు), బ్యాటరీ, కుక్క, కూలర్ ఎవరూ లెక్కపెట్టరు. రెండు ట్రిప్పులు వేయండి, బాతులెక్కడికీ పోవు. సొంతంగా మాటు (బాతులకి కనబడకుండా దాక్కునే చాటు) కట్టుకునేవాళ్లకి ఇంకో మాట. కరెంటు పైపులు వంచి, గోనె పట్టా, గడ్డి మ్యాట్లు కట్టి బోటు మీద భలే మాటు తయారు చేస్తారు. నేనూ ఒకటి చేశాను, నూట ఇరవై డాలర్లలో అయిపోయింది. మొదటి రోజే తెలిసింది, అది గాలికి తెరచాపలా పనిచేస్తుందని. పైన బరువు పెంచితే బోటు ఇట్టే ఒరుగుతుంది. ఒరిగితే ఆ చట్రం కిందే ఇరుక్కుంటాం. అందుకని దారిలో మడిచి పెట్టేలా, రెండు వైపులా ఒక్క తోపుతో తెరుచుకునేలా కట్టండి. జిప్ టైలతో బిగించేయకండి.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి వాటి మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. టెక్సస్ సీజన్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. పోయినేడాది లైసెన్స్ చూపిస్తే కుదరదు. ఫ్రెండ్ తుపాకీ పట్టుకుని ఫొటో దిగుదామన్న సరదా కూడా వద్దు. అనుమానముంటే లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

బోటులో తుపాకీ ఖాళీగా, కేసులో ఉండాలి. మాటులో కూర్చున్నాకే లోడ్ చేయండి.

కుక్క బయటికి ఉరికేటప్పుడు తుపాకీ గోడకి ఆనించి ఉండకూడదు. దాని కాలు ట్రిగ్గర్ మీద పడ్డ సంఘటనలు ఉన్నాయి.

ఎవరు ఏ వైపు కాల్చాలో చీకట్లోనే మాట్లాడుకోండి. పక్కవాడి తల మీదుగా తుపాకీ తిప్పొద్దు. కిందుగా వచ్చే పక్షిని వదిలేయండి.

12 గేజ్ తుపాకీ వాడేవాళ్ల జేబులో అంతకంటే సన్నటి 20 గేజ్ షెల్ ఉండకూడదు. అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది. దాని వెనక 12 పెట్టి కాలిస్తే గొట్టం పేలుతుంది. 20 గేజ్ షెల్‌కి పసుపు రంగు ఊరికే వేయలేదు.

గొట్టంలో బురద పోయిందేమో అనిపిస్తే విప్పి చూడండి. కాల్చి చూడకండి.

సీసం గుళ్లు వద్దు. బాతులకి 1991 నుంచి దేశమంతా నిషేధం. మూడు షెల్స్‌కి మించి పట్టకుండా తుపాకీలో ప్లగ్ (అడ్డు ముక్క) పెట్టండి. డక్ స్టాంప్ (బాతుల వేటకి కావాల్సిన ఫెడరల్ స్టాంపు) కొనండి.

బోటు అంచు మీద నిలబడి మూత్రానికి వెళ్లొద్దు. నవ్వకండి, చాలామంది అలాగే పడ్డారు.

మోటారు కిల్ స్విచ్ (మనిషి పడితే మోటారు ఆపేది) తాడు ఒంటికి తగిలించుకోండి.

మూసిన మాటులో ప్రొపేన్ హీటర్ వద్దు.

పొడి బట్టలు ట్రక్కులో కాదు, నీళ్లు చొరని సంచిలో మీతోనే.

ఫోన్ మెడలో, వాటర్‌ప్రూఫ్ కవర్‌లో.

బర్డ్ ఫ్లూ ఉంది, గ్లవ్స్ లేకుండా శుభ్రం చేయకండి. పచ్చి మాంసం కుక్కకి పెట్టకండి. వండితే 165 ఫారెన్‌హీట్ దాటాలి. జబ్బుగా కనిపించిన పక్షిని ముట్టొద్దు.

లైఫ్ జాకెట్. బోటు నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గరే. కోటు మీద. బకిల్స్ పెట్టి.

ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి: ఏ ర్యాంపు, ఎవరెవరు, ట్రక్కు నంబరు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్ని దాటితే 911కి ఫోన్ చేయాలి. మా ఇంట్లో ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంటుంది. అది చాలదని, జాకెట్ తొడుక్కుని ర్యాంపు దగ్గర దిగిన ఫొటో పంపమంటుంది మా ఆవిడ. పొద్దున్న నాలుగున్నరకి కళ్లు సగం మూసుకుని ఫ్లాష్‌లో తీసిన ఫొటోలు నా ఫోన్‌లో ఒక వంద ఉంటాయి. అది పంపాకే బోటు నీళ్లలోకి దించుతాను.