పొడి ఎంత బాగా జారుతుందో కొలవడం ఎలా?

టాబ్లెట్ మెషీన్‌లో అచ్చులోకి పొడి ప్రతిసారీ ఒకేలా పడకపోతే, ఒక టాబ్లెట్ బరువు ఎక్కువగా, ఇంకోటి తక్కువగా వస్తుంది. హాపర్‌లోంచి (పొడిని నింపి అడుగునుంచి దించే గరాటులాంటి తొట్టిలోంచి) దిగాల్సిన పొడి మధ్యలో కమానులా కట్టేసుకుంటే లైన్ మొత్తం ఆగిపోతుంది. హాపర్ గోడల మీద సుత్తి దెబ్బల సొట్టలు కనిపించాయంటే, ఆ పొడి గురించి ముందుగా ఎవరూ సరిగ్గా తెలుసుకోలేదనే అర్థం.

ద్రవానికైతే చిక్కదనం అని ఒక సంఖ్య చెప్పి ఊరుకోవచ్చు. పొడికి అలా కుదరదు. వదులుగా పోసినప్పుడు హాయిగా జారే పొడే, పైన బరువు పడి రెండు రోజులు కదలకుండా ఉంటే గడ్డకట్టొచ్చు. అందుకే పరికరం ముట్టుకునే ముందే ఒక విషయం తేల్చుకోండి: మీ పొడి ఎక్కడ జారాలి? చిన్న గరాటులోంచా, పెద్ద సైలో (నిల్వ గోపురం) అడుగునుంచా? పరీక్షను ఎంచుకోవాల్సింది దాన్ని బట్టే.

మొదటి పని: నమూనా సిద్ధం చేయడం

చాలా తేడాలు ఇక్కడే పుడతాయి. సంచి పైభాగం నుంచి ఒక్క గరిటె తీస్తే అది సంచి మొత్తానికి ప్రతినిధి కాదు, ఎందుకంటే రవాణాలో కుదుపులకు సన్నని రేణువులు కిందికి దిగిపోతాయి. వేర్వేరు లోతుల నుంచి తీసి కలపండి. నిల్వలో ఏర్పడిన ఉండలు విడిపోయేలా 1 మి.మీ. జల్లెడలోంచి మెల్లగా పంపండి. రేణువులు నలిగేలా రుద్దొద్దు. గదిలోని ఉష్ణోగ్రత, తేమ శాతం రాసుకోండి. వానాకాలంలో చేసిన పరీక్షనూ ఎండాకాలంలో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి టెన్షన్ పడేవాళ్లకు చాలాసార్లు జవాబు ఆ ఒక్క గడిలోనే దొరుకుతుంది.

రెండో పని: తట్టి చూడటం

నేనైతే అన్నిటికన్నా ముందు దీన్నే చేస్తాను. కావాల్సింది ఒక త్రాసు, 250 మి.లీ. కొలత సిలిండర్, దాన్ని ఒకే ఎత్తు నుంచి పదేపదే పడేసే ట్యాపింగ్ యంత్రం.

100 గ్రాముల పొడిని కుదించకుండా సిలిండర్‌లో పోయండి. పైభాగాన్ని నెమ్మదిగా చదును చేసి ఘనపరిమాణం చదవండి. ఇది 150 నుంచి 250 మి.లీ. మధ్య ఉండాలి, లేకపోతే పొడి పరిమాణం మార్చుకోవాలి. ఇప్పుడు యంత్రాన్ని నడిపి 10, 500, 1250 తట్టుల దగ్గర ఆపి చదవండి. 500కీ 1250కీ మధ్య తేడా 2 మి.లీ. లేదా అంతకన్నా తక్కువైతే చివరి రీడింగే మీ తుది ఘనపరిమాణం. తేడా ఎక్కువగా ఉంటే అది స్థిరపడేదాకా మరో 1250 చొప్పున తట్టించండి.

ఒక లెక్క చూద్దాం. మొదట 200 మి.లీ., 500 తట్టుల తర్వాత 160, 1250 తర్వాత 158 వచ్చాయి. తగ్గిన 42ను 200తో భాగించి 100తో గుణిస్తే 21 శాతం. ఇది కార్ సూచిక. 200ను 158తో భాగిస్తే వచ్చే 1.27 హౌస్నర్ నిష్పత్తి. కార్ సూచిక 10 లేదా అంతకన్నా తక్కువైతే పొడి చక్కగా జారుతుంది. 16–20 ఫర్వాలేదు. 21–25 ఏదో నెట్టుకొస్తుంది. 26 దాటితే ఇబ్బందే. మన పొడి ‘నెట్టుకొచ్చే’ వరసలో పడింది.

మూడో పని: గుట్ట కోణం

కదలని, కంపనాలు లేని బల్ల మీద అంచున్న గుండ్రటి పళ్లెం పెట్టి, గరాటులోంచి పొడిని గుట్టగా పోయండి. గరాటు మూతి గుట్ట శిఖరానికి 2–4 సెం.మీ. పైనే ఉండేలా, గుట్ట పెరిగేకొద్దీ గరాటును పైకి జరపండి. మరీ ఎత్తు నుంచి పడితే ఆ దెబ్బకి శిఖరం చదునైపోతుంది.

ఎత్తును అడుగు వ్యాసంలో సగంతో భాగిస్తే కోణం టాంజెంట్ వస్తుంది. పైన తట్టి చూసిన పొడికే ఎత్తు 4 సెం.మీ., అడుగు 10 సెం.మీ. వచ్చాయనుకోండి: 4ను 5తో భాగిస్తే 0.8, అంటే దాదాపు 39 డిగ్రీలు. 25–30 అయితే చాలా బాగా జారే పొడి, 36–40 ఫర్వాలేదు, 46 దాటితే కష్టం. గమనించారా, ఈ పొడి ఇక్కడ ఒక మెట్టు పైకెక్కింది! రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పకపోవడం తప్పేమీ కాదు. ఒకటి పొడి ఎంత కుదించుకుపోతుందో చూస్తుంది, ఇంకోటి వదులుగా పడ్డ పొడి ఎలా నిలబడుతుందో చూస్తుంది. గుట్ట కోణం చేసేవాళ్ల చేతిని బట్టి కూడా మారుతుంది కాబట్టి, దాని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోకండి.

నాలుగో పని: రంధ్రంలోంచి వేగం

అడుగున రంధ్రమున్న సిలిండర్‌లో పొడి నింపి, మూత తీసి, కిందున్న త్రాసు మీద సెకనుకు ఎన్ని గ్రాములు పడుతున్నాయో రాసుకోవడమే. ద్రవంలా కాకుండా, పైన పొడి మట్టం తగ్గినా వేగం దాదాపు మారదు. ఇసుక గడియారం పనిచేసేది ఈ గుణం వల్లే. అయితే మట్టం రంధ్రం వ్యాసం కన్నా బాగా ఎక్కువగా ఉండాలి. లోహపు పొడుల దగ్గర ఇదే పద్ధతి హాల్ ఫ్లోమీటర్‌గా కనిపిస్తుంది: 50 గ్రాములు 2.5 మి.మీ. రంధ్రంలోంచి దిగడానికి పట్టే సెకన్లు లెక్కిస్తారు. అందరికీ పనికొచ్చే స్కేలు దీనికి లేదు. ఒకే పరికరంలో నిన్నటి బ్యాచ్‌ను ఇవాల్టి బ్యాచ్‌తో పోల్చుకోవడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది. అంటుకునే పొడి అసలు దిగకపోవచ్చు. అలాంటప్పుడు ‘దిగలేదు’ అనే రాయండి, కొట్టి దించకండి.

ఐదో పని: షియర్ సెల్

హాపర్ డిజైన్ చేయాలన్నా, బరువు కింద పొడి ఎలా ఉంటుందో తెలియాలన్నా పై మూడూ చాలవు. 1960లలో యూటా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జెనికే రూపొందించిన విధానమే ఇప్పటికీ ఆధారం. షియర్ సెల్ అంటే పొడి పొరను ఒత్తిడి కింద పక్కకి జరిపి చూసే చిన్న గిన్నె. అందులో పొడి నింపి, పైన నిర్ణీత ఒత్తిడి పెట్టి, పొరను పక్కకి జరపాలి. జరపడానికి కావాల్సిన బలం స్థిరపడ్డాక ఒత్తిడి తగ్గించి, మళ్లీ జరిపి, పొర ఏ బలం దగ్గర తెగిందో నమోదు చేయాలి. ఇలా కొన్ని ఒత్తిళ్ల దగ్గర చేస్తే ఒక గీత వస్తుంది. కుదించిన ఒత్తిడిని, దాని కింద పొడి సంపాదించుకున్న బలంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 10 దాటితే స్వేచ్ఛగా జారుతుంది. 4–10 సులువు, 2–4 అంటుకునే రకం, అంతకన్నా తగ్గితే మొండి పొడి. ఇప్పటి యంత్రాలు ఈ లెక్కంతా వాటంతట అవే చేసేస్తాయి. ఒత్తిడి ఎంత పెట్టాలన్నది మాత్రం మీరే చెప్పాలి. మీ హాపర్‌లో నిజంగా ఉండే ఒత్తిడికి దగ్గరగా ఉన్నదే పెట్టండి.

హాపర్ గోడ లోహం ముక్కను సెల్‌లో పెట్టి గోడతో ఘర్షణ కూడా కొలిపించండి. గోడ ఎంత నిటారుగా ఉండాలో తేల్చడానికి ఇది కావాలి.

ఏ పరీక్షైనా కనీసం మూడుసార్లు, ప్రతిసారీ కొత్త నమూనాతో చేయండి. ఫలితం బాగోలేదని సన్నని సిలికా లాంటిది కలిపి చూస్తే, అదే క్రమంలో అన్నీ మళ్లీ కొలవండి. కలిపిన సమయం కూడా రాసుకోండి. టాబ్లెట్ పొడి అచ్చుకు అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ అయితే ఇది మరీ ముఖ్యం: ఎక్కువసేపు కలిపితే టాబ్లెట్ బలం తగ్గిపోవచ్చు.