1968 అమెరికా ఎన్నికను తిరగరాయాలంటే

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. విశాఖ వన్‌టౌన్‌లో మా ఇంటి కిటికీలకు నాన్న నల్ల కాగితాలు అంటించారు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు, ఆ కిటికీలు దడదడలాడాయి. పది రోజులు తిరిగేసరికి పాకిస్తాన్‌కు అండగా అమెరికా ఏడో నౌకాదళం వస్తోందన్నారు. పంపింది అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్. 1968 ఎన్నికల్లో ఆయన ఓడిపోయి ఉంటే? పెద్దయ్యాక ఈ ప్రశ్న పట్టుకుని కథ రాయడం మొదలుపెట్టాను. మీరూ అమెరికా ఎన్నికను మార్చి రాయాలనుకుంటే, నా పద్ధతి ఇది.

ముందు కూడికలు వేయండి. కథ తర్వాత. అక్కడ గెలుపు రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లతో తేలుతుంది. 538లో 270 రావాలి. 1968లో నిక్సన్‌కు 301, ప్రధాన ప్రత్యర్థి హంఫ్రీకి 191, మూడో అభ్యర్థి వాలెస్‌కు 46. కాలిఫోర్నియా ఓట్లు 40 హంఫ్రీకి ఇచ్చి చూడండి. నిక్సన్ 261కి దిగుతాడు, హంఫ్రీ 231 దగ్గర ఆగుతాడు. ఎవరికీ 270 లేవు కాబట్టి ప్రతినిధుల సభ తేల్చాలి, రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. అదీ మంచి కథే, కానీ మొదటిసారి రాసేవాళ్లు అటు వెళ్లకండి. నేను కాలిఫోర్నియాకు ఇల్లినాయ్ 26, మిస్సోరీ 12 కలిపి, సరిపోయిందనుకుని రెండు వారాలు రాశాను. కూడితే 269! ఒక్క ఓటు తక్కువ. రాసిందంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. మిస్సోరీ తీసి న్యూజెర్సీ 17 పెడితే 274 వచ్చింది.

తర్వాత కారణం వెతకాలి. కాలిఫోర్నియా ఒక్కదానిలోనే తేడా రెండు లక్షల ఓట్లు దాటింది, ఊరికే మారవు. హంఫ్రీ అప్పుడు అధ్యక్షుడు జాన్సన్ దగ్గర ఉపాధ్యక్షుడు. వియత్నాం విషయంలో జాన్సన్ మాట దాటలేక నాన్చి నాన్చి, సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీలో బాంబు దాడులు ఆపడానికి సిద్ధమన్నాడు. పుంజుకున్నది ఆ తర్వాతే. పోలింగ్ నవంబరు 5. దేశం మొత్తం మీద చివరి తేడా సుమారు 5 లక్షలు. నేను ఆ ప్రసంగాన్ని సెప్టెంబరు మొదటి వారానికి జరిపాను. ఇంకేదీ ముట్టుకోలేదు.

అధ్యక్షుడు మారగానే ప్రపంచాన్నంతా మార్చేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగి, మారనివేవో రాసుకోండి. 1970 నవంబరులో భోలా తుపాను వస్తుంది, దానికి అమెరికా ఓట్లతో పని లేదు. ఆ తర్వాతి ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) 162 స్థానాల్లో 160 అవామీ లీగ్ పార్టీ గెలుస్తుంది. యుద్ధమూ వస్తుంది, ఘాజీ కూడా మునుగుతుంది. మరి మారేదేమిటి? నిక్సన్‌కు చైనాతో మాట కలపడానికి పాకిస్తాన్ దారి కావాలి. 1971 జులైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ రహస్యంగా బీజింగ్ వెళ్లింది అక్కడి నుంచే. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్‌ను నిక్సన్ వెనకేసుకురావడానికి అదొక పెద్ద కారణం. హంఫ్రీకి ఆ అవసరం ఉండేదా? నా కథలో లేదు. మీ కథలో ఉందంటే, ఎందుకుందో పాత్రల మాటల్లో తెలియాలి.

ఎవరి కళ్లతో చెప్పాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. వైట్‌హౌస్‌లో కూర్చుని రాయకండి, మీకు తెలిసిన ఇంట్లో కూర్చుని రాయండి. అప్పట్లో నౌకాదళం వార్త రేడియోలో విని నాన్న మమ్మల్ని బొబ్బిలి రైలెక్కించి అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. ఆయన మాత్రం విశాఖలోనే ఉండిపోయారు. రైలు కదిలేదాకా అమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. నా కథ డిసెంబరు 15 రాత్రి మొదలవుతుంది. కిటికీలకు నల్ల కాగితాలు అలాగే ఉన్నాయి. రేడియోలో వార్తలు అయిపోయాయి, అమెరికా మాట రాలేదు. నాన్న రేడియో కట్టేసి, అందరికీ అన్నం పెట్టమని అమ్మతో అన్నారు.