రెండేళ్ల గుర్రప్పిల్లను పరుగుకు దింపే ముందు

ముందు వయసు చూడండి. ముందుకాలి మోకాలికి పైన ఎముక పెరిగే చోటు గట్టిపడటానికి సుమారు 2 నుంచి 2½ ఏళ్లు పడుతుంది. కండరం మాత్రం కొన్ని వారాల్లోనే శిక్షణకు అలవాటు పడిపోతుంది. త్వరగా అలిసిపోయే పోగులు తగ్గి, ఎక్కువసేపు పనిచేసేవి పెరుగుతాయి. చిక్కంతా ఇక్కడే. తొడలు నిండుగా కనిపిస్తాయి, ఎముకలూ, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులూ ఇంకా వెనకబడే ఉంటాయి. కండ చూసి మురిసిపోయి వేగం పెంచకండి.

విశాఖ బీచ్‌లో పొడి ఇసుక వద్దు. కాళ్లు దిగబడి స్నాయువుల మీద భారం పడుతుంది. అలలు తడిపిన గట్టి ఇసుకే మేలు.

తెల్లవారుజామునే వెళ్లండి, ఇక్కడి ఉక్కపోత తెలిసిందే కదా! పది నిమిషాలు నడిపించాకే దౌడు. నీళ్లు దగ్గరుంచుకోండి.

కాలు తడిమితే వేడిగానో వాపుగానో ఉందా? ఆ రోజు పరుగు మానేసి, పశువుల డాక్టర్‌కు చూపించండి.