దూరపు నౌకల కోసం ఇంట్లో ఒక ఎదురుచూపుల పుస్తకం

మైపాడు తీరాన నిలబడి, దక్షిణాన శ్రీహరికోట రాకెట్టు పొగచార గీస్తూ పైకి పోవడం చూసిన పిల్లలు వెంటనే "ఎప్పుడు చేరుతుంది?" అని అడుగుతారు, అందుకు జవాబుగా గట్టి అట్ట ఉన్న ఖాతా పుస్తకం ఒకటి కొని, ఒక్కో అంతరిక్ష నౌకకు ఒక్కో పుట కేటాయించండి.

పుట పైన బయలుదేరిన తేదీ, చేరవలసిన తేదీ రాసి, ఆనాటికి ఇంట్లో ఎవరి వయసెంతో పిల్లల చేతనే లెక్క కట్టించాలి. 2024 అక్టోబరు 14న బయలుదేరిన నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరవలసి ఉంది; అది బయలుదేరిన నాడు నాలుగో తరగతిలో ఉన్న అమ్మాయి అప్పటికి తొమ్మిదో తరగతి పరీక్షలు రాస్తూ ఉంటుంది.

1977లో బయలుదేరిన నాసా నౌక వాయేజర్ 1కు మాత్రం రెండు పుటలు వదలండి. దాని సంకేతం భూమిని చేరడానికి 23 గంటలకు పైగా, మన ప్రశ్న అక్కడికి పోవడానికీ అంతే పడుతుంది కనుక, ఆదివారం ఉదయం ఆరింటికి పిల్లలతో "క్షేమమా?" అని రాయించి, జవాబు గడిని మంగళవారం తెల్లవారేదాకా ఖాళీగా ఉంచండి. మా ఇంట్లో సోమవారం సాయంత్రానికే ఇద్దరు అలిగారు. సుమారు 40,000 ఏళ్లకు అది గ్లీజ్ 445 అనే నక్షత్రానికి 1.6 కాంతి సంవత్సరాల దూరంలో సాగిపోతుంది. ఆ వరుసలో వయసుల గడి అక్కర్లేదు.

సముద్రపు గాలికి తేమ పట్టి పుటలు అతుక్కుంటాయి కాబట్టి, నడుమ ఎండిన వేపాకు వేసి, పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో మనవల చేతికి అందేలా పైనే ఉంచండి.