ట్రాల్ వలల్లో చచ్చిపోతున్న తాబేళ్ల కోసం ఒడ్డున ఉన్న మనం ఏం చెయ్యొచ్చు

డిసెంబర్ వచ్చిందంటే ఏప్రిల్ దాకా శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఏదో ఒక బీచ్‌కి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తూనే ఉంటాయి, మనం అయ్యో పాపం అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతాం. అవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చేది ఈ నెలల్లోనే, అదే నెలల్లో రొయ్యల కోసం ట్రాల్ బోట్లు కూడా ఒడ్డు దగ్గరే వల ఈడుస్తుంటాయి. తాబేలుకి మనలాగే ఊపిరితిత్తులు, పైకొచ్చి గాలి పీల్చుకోవాలి, వల గంటల తరబడి కిందే ఉంటే లోపలే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం వచ్చేసరికి గుడ్లు పెట్టే సీజన్ చాలావరకు అయిపోతుంది, అందుకే ఆ నిషేధం ఉంది కదా అని ఊరుకోడానికి లేదు.

ఇది మత్స్యకారుల మీద కోపంతో రాసేది కాదు. మన రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు తెప్పలు, నావల మీద వేటాడే వాళ్ళది, మరబోట్లు ఆ గీత దాటి బయటే వెయ్యాలి వల. లోపలికి వస్తే తాబేలూ పోతుంది, చిన్నవాళ్ళ వలలూ తెగిపోతాయి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (చేపల గుంపుని చుట్టుముట్టి పట్టే పెద్ద వలలు) గొడవ బోట్లు తగలబెట్టుకునే దాకా పోయింది, రెండు వైపులా మత్స్యకారులే. కాబట్టి ఏం మొదలుపెట్టినా ముందు మీ ఊళ్ళో నావలు నడిపే వాళ్ళతో మాట్లాడండి, ఏ బోటు ఎప్పుడు లోపలికి వస్తుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

బోటు 8 కిలోమీటర్ల లోపల ఉందని ఒడ్డు మీద నుంచి ఎలా చెప్పడం అంటే, నీళ్ళ అంచున నిలబడి చూస్తే మామూలు ఎత్తు మనిషికి సముద్రం ఆకాశం కలిసే గీత 5 కిలోమీటర్ల కన్నా తక్కువ దూరంలోనే ఉంటుంది, అంటే బోటు అడుగు భాగం నీటిని తాకే చోటు ఆ గీతకి ఇవతల మీకు స్పష్టంగా కనిపిస్తుంటే అది కచ్చితంగా లోపలే ఉన్నట్టు. కానీ ఉన్నంత మాత్రాన తప్పు కాదు, హార్బర్‌కి వచ్చీపోయే బోట్లు కూడా ఉంటాయి. వల ఈడ్చే బోటు చాలా నెమ్మదిగా కదుల్తుంది, వెనక నుంచి తీగ తాళ్ళు నీళ్ళలోకి దిగి ఉంటాయి. వీడియో తియ్యండి, టైము, చోటు రాసుకోండి, ఐఎన్‌డి ఏపీ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ కనిపిస్తే అదీ రాసుకోండి, మత్స్యశాఖ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రెండు బోట్లు కలిపి ఒకే వల ఈడ్చడం, ఎల్‌ఈడీ లైట్లు వేసి చేపల్ని పోగేసి పట్టడం, ఈ రెంటినీ కేంద్రం 2017లోనే నిషేధించింది, ఇవి కనిపిస్తే ఇంకా గట్టిగా రాయండి.

బోటు ఓనర్లు, బోటు నడిపే సరంగులు తెలిసినవాళ్ళుంటే టెడ్ గురించి మాట్లాడండి. టెడ్ అంటే వల లోపల ఏటవాలుగా బిగించే ఇనుప చువ్వల చట్రం, రొయ్యలు చువ్వల సందుల్లోంచి వెనక సంచిలోకి వెళ్తాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటికి జారిపోతుంది. కొచ్చిలోని సిఫ్ట్ అనే కేంద్ర ప్రభుత్వ మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి సరిపోయేలా దీన్ని తయారుచేసింది. సరుకు పోతుందని కొందరు ఆ కంతని కుట్టేస్తారు, అలా కుట్టేస్తే అది ఉన్నా లేనట్టే. తాబేలు మీద జాలి చూపించమని అడక్కండి, డబ్బు లెక్క చెప్పండి. టెడ్‌లు సరిగ్గా వాడట్లేదని 2019 నుంచి అమెరికా మన దేశంలో సముద్రంలో పట్టిన రొయ్యని కొనడమే మానేసింది, చెరువు రొయ్యకి ఆ అడ్డు లేదు, మరి నష్టపోతున్నది ఎవరు?

ఇప్పుడు ముఖ్యమైనది. వలలో తాబేలు వచ్చి, కదలకుండా పడుంటే చచ్చిపోయిందని నీళ్ళలోకి విసిరెయ్యొద్దు. చాలాసార్లు అది స్పృహ తప్పి ఉంటుంది, అలాగే వేసేస్తే అప్పుడు నిజంగా మునిగి చస్తుంది. వెల్లకిలా తిప్పకండి, పొట్ట కిందకి ఉండేలా పెట్టి వెనక భాగం కింద తాళ్ళ చుట్టో టైరో పెట్టి కనీసం అర అడుగు ఎత్తండి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు కారిపోవాలి. నీడలో ఉంచి తడి గోనె కప్పండి, ముక్కు మాత్రం కప్పొద్దు. నీళ్ళ తొట్టిలో వెయ్యొద్దు. మధ్యమధ్యలో కంటి దగ్గరో తోక దగ్గరో మెల్లిగా తాకి చూడండి, కదిలిందంటే బతికినట్టే. 4 గంటలు పట్టొచ్చు, 24 గంటలైనా పట్టొచ్చు, తొందరపడొద్దు. బాగా తేరుకున్నాక ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వల నీళ్ళలో లేనప్పుడు, వెనక వైపు నుంచి మెల్లిగా వదలండి. ఈ ఒక్క పేరా ప్రింట్ తీసి జెట్టీలో ఐస్ దుకాణం దగ్గర అంటించినా చాలు, బోటు మీద పనిచేసే కలాసీలు చదువుతారు.

ఒడ్డుకి చచ్చిన తాబేలు కొట్టుకొస్తే ఫోటో తియ్యకుండా వెళ్ళకండి. పక్కన చెప్పు పెట్టి పైనుంచి ఒకటి, తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి తియ్యండి, తోక పొడుగ్గా డిప్ప బయటికి వచ్చి ఉంటే మగది. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. వంటి మీద ప్రొపెల్లర్ కోతలు ఉన్నాయా, తాడు చుట్టుకుని ఉందా, లేక ఏ గాయం లేకుండా ఉందా రాయండి, గాయం లేనివాటిలో వలలో మునిగినవి ఎక్కువ ఉంటాయి, అయితే తేల్చాల్సింది పోస్ట్‌మార్టం చేసే డాక్టర్. అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి, పాతిపెట్టే ముందు డిప్ప మీద రంగు గుర్తు వెయ్యమనండి, లేకపోతే ఒకే తాబేలుని రెండుసార్లు లెక్కేస్తారు. డిప్ప ఇంటికి తీసుకెళ్ళొద్దు, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది. వేల్ షార్క్ అనే పెద్ద సొరచేప కూడా అంతే, 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒకటి ఒడ్డుకొస్తే మత్స్యకారులు, అటవీ శాఖవాళ్ళు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు, కావాలనుకుంటే చెయ్యగలం అన్నమాట.

గుడ్లు కనిపిస్తే తవ్వొద్దు, కుక్కలు రాకుండా కాపలా ఉండి అటవీ శాఖకి చెప్పండి, రాత్రి టార్చి, ఫ్లాష్ వద్దు.

ఈ ఫోటోలు, తేదీలు ఒక సీజన్ పోగయ్యాక 10 రూపాయలతో ఆర్టీఐ వెయ్యండి. మత్స్యశాఖని అడగాల్సినవి: గత సంవత్సరం మీ జిల్లాలో ఎన్ని ట్రాల్ బోట్లలో టెడ్ తనిఖీ చేశారు, తేదీలతో సహా ఇవ్వండి, 8 కిలోమీటర్ల లోపల వేటాడినందుకు ఎన్ని కేసులు పెట్టారు, ఎంత జరిమానా వసూలైంది. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ తేదీల పక్కన మీ తాబేళ్ల తేదీలు పెట్టి కలెక్టర్‌కి అర్జీ ఇవ్వండి. ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్యా నదుల ముఖాల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తున్నారు, మీ మండలంలో తాబేళ్లు గుడ్లు పెట్టే చోట కనీసం జనవరి నుంచి మార్చి దాకా ట్రాల్ బోట్లు రాకుండా గస్తీ పెట్టమని అదే అర్జీలో అడగండి, కింద నావల వాళ్ళ సంఘం సంతకాలు కూడా పెట్టించండి.