మీ ఊరి పాత వారపత్రిక చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మీ ఊళ్లో ఒకప్పుడు నడిచిన వారపత్రిక చరిత్ర రాద్దామనుకుంటే వెంటనే సంపాదకుడి ఇంటివాళ్ల దగ్గరికి పరుగెత్తకండి. ముందు దొరికిన సంచిక తీసుకుని, ముద్రించినవారు, ప్రచురించినవారు, ప్రెస్సు, ఊరు అని చిన్న అక్షరాల్లో ఉండే వరస చదవండి, అది ఎక్కువగా చివరి పేజీ అడుగున ఉంటుంది. 2024లో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా, 1867 నాటి చట్టం ప్రకారం ఆ వివరాలు వేయకుండా పత్రిక అచ్చేయకూడదు.

1956 తర్వాతి పత్రికైతే పని ఇంకా తేలిక. ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ఫారం 4 అనే ప్రకటన వేయాల్సి ఉండేది కాబట్టి మార్చి మొదటి వారం సంచికల కోసం వెతకండి. యజమాని ఎవరు, నూటికి ఒక వంతుకు మించి వాటా ఎవరికుంది అన్నది చిరునామాలతో సహా అందులో ఉంటుంది. వరసగా కొన్నేళ్ల ప్రకటనలు పక్కపక్కన పెట్టి చూస్తే పత్రిక ఎప్పుడు చేతులు మారిందో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇంతకంటే విలువైన ఆధారం లేదు.

సంపుటి నంబరు కూడా చూడండి. 1979లో సంపుటి 23 అని ఉంటే 1957 ప్రాంతంలో మొదలైందనుకోవచ్చు గానీ, మధ్యలో ఆగి మళ్లీ వచ్చిన పత్రికలకు ఈ లెక్క తప్పుతుంది, అందుకని వేర్వేరు ఏళ్ల సంచికలతో సరిచూసుకోవాలి. పేరొక్కటే చూసినా పొరపాటు పడతాం: ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది.

సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి గ్రంథాలయాల్లో అడగండి. లాయర్ల పాత ఫైళ్లు మర్చిపోవద్దు, కోర్టు నోటీసులు పేపర్లో వేయించినప్పుడు ఆ కాపీ దాచి ఉంచుతారు. పాత న్యూస్‌ప్రింట్ మడతల దగ్గర పుటుక్కున విరుగుతుంది, సెల్లోటేప్ అస్సలు అంటించకండి, తేదీ కనబడేలా పేజీ మొత్తం ఫోటో తీసుకుంటే చాలు.

ఇదంతా అయ్యాకే మనుషుల దగ్గరికి వెళ్లండి, అదీ ముందు ప్రెస్సులో అచ్చుకు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ దగ్గరికి. సంచిక చేతికిచ్చి అడిగితే ఏ వారం కాగితం దొరక్క పేజీలు తగ్గించారో కూడా గుర్తొస్తుంది. 1975 జూన్ చివరి నుంచి వచ్చిన సంచికలు విడిగా తీసుకెళ్లండి. ఎమర్జెన్సీ సెన్సార్ కాలంలో ఏ వార్త ఆపారో, ఎవరు చెప్తే ఆపారో అచ్చులో ఉండదు, వాళ్లు ఉన్నప్పుడే అడిగి రికార్డు చేసుకోవాలి.