టాన్సిల్ పక్కన చీము పడితే: మందులా, సూదా, కోతా?

గొంతు రెండు పక్కలా నొప్పిగా ఉంటే చాలావరకు అది మామూలు టాన్సిల్స్ వాపే. కానీ ఒక్క పక్కే పోటు పెట్టి, ఆ పోటు అదే వైపు చెవిలోకి లాగుతుంటే జాగ్రత్తపడాలి. నోరు సరిగ్గా తెరుచుకోదు, ఉమ్మి మింగలేరు, మాట ముద్దగా వస్తుంది. ఇలా ఉంటే టాన్సిల్ వెనక చీముగడ్డ ఉందేమోనని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని క్విన్సీ అంటారు. గుంటూరులో ఈఎన్‌టీ వార్డు నర్సుగా నేను ఎక్కువగా చూసింది పాతికేళ్ళు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్ళనే.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకబ్బాయి జ్వరంతో మా దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర రోజూ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాడు. టార్చి వేసి చూస్తే కుడి టాన్సిల్ పైభాగం ఉబ్బి, కొండనాలుక ఎడమకు నెట్టుకుపోయి ఉంది. గడ్డ ముదిరాక చీము బయటికి రావాల్సిందే, ఒట్టి ఇంజెక్షన్లతో సాధారణంగా లొంగదు. అందుకే నోరు తెరుచుకోవడం లేదంటే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, రేపటిదాకా ఆగొద్దు.

చీము ఇంకా పట్టలేదని, వాపు మాత్రమే ఉందని డాక్టర్‌కి అనిపిస్తే సెలైన్, యాంటీబయాటిక్స్ పెట్టి 24 నుంచి 48 గంటలు చూస్తారు. బాగా చిన్న గడ్డకీ కొన్నిసార్లు ఇలాగే చేస్తారు. అనుమానం తీరకపోతే స్కాన్ రాస్తారు.

చీము ఉందని తేలితే రెండు దారులు. మొదటిది సూదితో లాగడం. కూర్చోబెట్టి, గొంతులో మత్తు స్ప్రే కొట్టి, అక్కడే చిన్న మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లావు సూదితో చీము సిరంజిలోకి లాగుతారు. టాన్సిల్ వెనక కొంచెం లోపలే మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం ఉంటుంది. అందుకని సూది మొన సుమారు సెంటీమీటరు మాత్రమే బయటికి ఉండేలా తొడుగును కత్తిరించి తొడుగుతారు. ఇంట్లో వేలితో నొక్కి గడ్డను చిదమడం, అనుభవం లేనివాళ్ళతో పొడిపించుకోవడం ప్రాణం మీదికి తెస్తుందని అందుకే అంటాను. రెండోది చిన్న కోత. కోసి, గాటును కొంచెం విడదీస్తే చీము కారిపోతుంది. దాన్ని మింగకుండా ట్రేలోకి ఊసేయాలి. సూదిలో నొప్పి తక్కువ, కానీ మళ్ళీ చీము చేరే అవకాశం కాస్త ఎక్కువ. రెండూ బాగానే పనిచేస్తాయి కాబట్టి భయమేస్తే ముందు సూదితో ప్రయత్నించొచ్చా అని అడగండి, తప్పేం లేదు. చిన్నపిల్లలకు మాత్రం చాలాసార్లు పూర్తి మత్తు ఇచ్చే చేస్తారు.

ఆ అబ్బాయికి సూదితోనే తీశారు. కాసేపటికే నోరు తెరిచి మంచినీళ్ళు అడిగాడు. వాళ్ళమ్మ ఏడ్చేసింది. చీము బయటికొస్తే ఉపశమనం అంత తొందరగా వస్తుంది.

చీము తీశాక కూడా యాంటీబయాటిక్ తప్పదు. పెన్సిలిన్ రకం మందు, దానితో మెట్రోనిడజోల్, లేదంటే అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇస్తుంటారు. పెన్సిలిన్ పడనివాళ్ళకు క్లిండమైసిన్. మాత్రలు మొత్తం 10 నుంచి 14 రోజులు రాస్తారు. రెండో రోజుకే హాయిగా ఉందని ఆపేయకండి. వాపు, నొప్పి తగ్గడానికి ఒక డోసు స్టెరాయిడ్ కూడా ఇస్తారు. దానివల్ల షుగర్ పెరుగుతుంది. అందుకని షుగర్ ఉంటే, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, గర్భంతో ఉంటే, ఏ మందైనా పడకపోతే ముందే చెప్పండి. ఓపీ చీటీ మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ఇంటికి పంపాక జావ, మజ్జిగన్నం, పాలలో నానబెట్టిన ఇడ్లీ పెట్టండి. కారం, పచ్చళ్ళు కొన్నాళ్ళు వద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. సిగరెట్ మానాలి, ఈ మాట నేను ప్రతి కుర్రాడికీ గట్టిగానే చెప్తాను. ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ చూపించుకోవాలి, ఎందుకంటే కొందరికి చీము తిరిగి చేరుతుంది. ఊపిరి ఆడకపోయినా, శ్వాసలో గురక లాంటి శబ్దం వచ్చినా, మెడ వాచి బిగుసుకుపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా రివ్యూ తేదీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

టాన్సిల్స్ తీయించాలా అని అందరూ అడుగుతారు. ఒక్కసారి వచ్చి తగ్గిపోతే చాలామందికి అక్కర్లేదు. రెండోసారి క్విన్సీ వచ్చినా, ఏడాదిలో పదే పదే టాన్సిల్స్ వాస్తున్నా ఆపరేషన్ గురించి మాట్లాడాలి. మామూలుగా వాపు పూర్తిగా తగ్గేదాకా, అంటే సుమారు 6 వారాలు ఆగి చేస్తారు. చీము తీసినా లొంగని కేసుల్లో అప్పటికప్పుడే టాన్సిల్ తీయడమూ ఉంది. మీకెందుకు ఇప్పుడే చేస్తున్నారో, లేదా ఎందుకు ఆగమంటున్నారో డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.